ట్రియెస్టే స్వేచ్ఛా రాజ్యంగా మిగిలి ఉంటే సింగపూర్ అయ్యేదా?

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధం తర్వాత ట్రియెస్టే రేవు నగరం కోసం ఇటలీ, యుగోస్లావియా కొట్టుకున్నాయి. ఎవరికీ ఇవ్వకుండా 1947లో దాన్ని ‘స్వేచ్ఛా ప్రాంతం’ అన్నారు, కానీ దానికి గవర్నరే రాలేదు. ఆ గవర్నరు వచ్చి ఉంటే ట్రియెస్టే ఇవాళ యూరప్ సింగపూర్ అయ్యేదా? ఈ ఊహ మీద నవల రాస్తున్నాను. పాఠకులు నమ్ముతారా? కథ ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

నమ్మేలా రాయొచ్చు. సింగపూర్ అన్న మాట మాత్రం తీసెయ్యండి. నా లెక్క ప్రకారం ఆ చిన్న రాజ్యం బతికి ఉంటే రేవులో దిగే సరుకు మీద కాదు, ఓడల రిజిస్ట్రేషన్ మీదా ఇన్సూరెన్స్ మీదా బ్యాంకుల మీదా బతికేది. నేను ఉద్యోగం చేసింది షిప్పింగులో. ఎవరి జెండా ఎగిరింది అనేదాని కంటే వ్యాగన్ ఏ దారిన పోయింది అన్నది ముందు చూడటం అలవాటైపోయింది. కాబట్టి ఈ జవాబు కాస్త అటే మొగ్గుతుంది.

ముందు జరిగిన కథ క్లుప్తంగా. 1382 నుంచి ఆ ఊరు ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గుల చేతిలో ఉంది. 1719లో ఆరో చార్లెస్ చక్రవర్తి దాన్ని సుంకాల్లేని రేవుగా ప్రకటించాడు. 1857లో వియన్నా నుంచి అక్కడిదాకా రైలు వచ్చింది. ఇక ఆస్ట్రియా సామ్రాజ్యం మొత్తానికీ సముద్రం వైపు తలుపు అదే. ఊళ్ళో ఎక్కువమంది మాట్లాడేది ఇటాలియన్. ఊరు దాటి కొండమీది పల్లెలకు వెళ్తే స్లోవీన్. మొదటి యుద్ధం తర్వాత ఇటలీ తీసుకుంది. 1920 జులైలో స్లోవీన్ల సాంస్కృతిక భవనం నరోద్ని దోమ్‌ను ఫాసిస్టులు తగలబెట్టారు. తర్వాత బళ్ళలో వాళ్ళ భాష పోయింది, ఇంటిపేర్లు కూడా మార్పించారు. 1943 తర్వాత జర్మన్లు వచ్చి ఊరి చివరి బియ్యం మిల్లును చంపే శిబిరంగా మార్చారు. 1945 మే 1న యుగోస్లావియా నాయకుడు టిటో సైన్యం ఊళ్ళోకి దిగింది, మర్నాడే న్యూజిలాండ్ దళాలు వచ్చాయి. నలభై రోజులు యుగోస్లావుల పాలన. అరెస్టులు, మాయమైన మనుషులు, కొండ బొరియల్లో శవాలు. జూన్ 12న టిటో సైన్యం వెనక్కి వెళ్ళింది.

1947 ఫిబ్రవరి 10న సంతకాలైన శాంతి ఒప్పందం 738 చదరపు కిలోమీటర్ల స్వేచ్ఛా ప్రాంతాన్ని కాగితం మీద పుట్టించింది. జోన్ ఏ, అంటే నగరమూ ఉత్తర భాగమూ, బ్రిటిష్, అమెరికన్ సైన్యం కింద. జోన్ బి, అంటే కోపర్, పిరాన్ నుంచి మీర్నా నది దాకా, యుగోస్లావ్ సైన్యం కింద. గవర్నరు వచ్చేదాకా తాత్కాలిక ఏర్పాటు అన్నారు. ఆ తాత్కాలికం ఏడేళ్ళు నడిచింది. స్టాంపుల పిచ్చి ఉన్నవాళ్ళకు ఇది బాగా తెలుసు. మామూలు ఇటలీ స్టాంపే ఉంటుంది, దానిమీద నల్లసిరాతో ‘ఏఎంజీ-ఎఫ్‌టీటీ’ (మిత్రరాజ్యాల సైనిక ప్రభుత్వం, ట్రియెస్టే స్వేచ్ఛా ప్రాంతం) అని అడ్డంగా అచ్చు. నా దగ్గర ఒకటుంది. సొంత స్టాంపు కూడా లేని దేశం ఎలా ఉంటుందో చెప్పడానికి దాన్నే చూపిస్తుంటాను.

ఇక గవర్నరు సంగతి. చాలామంది దీన్ని ఏదో ఆఫీసులో ఫైలు నిలిచిపోయినట్టు రాస్తారు. అది నిజం కాదు. ఒప్పందం ప్రకారం అతను ఇటలీ పౌరుడు కాకూడదు, యుగోస్లావియా పౌరుడు కాకూడదు, ట్రియెస్టే వాడూ కాకూడదు. భద్రతామండలి నియమించాలి, అంటే అమెరికాకీ రష్యాకీ ఇద్దరికీ నచ్చాలి. అంతకంటే పెద్ద మెలిక ఇంకోటి ఉంది. గవర్నరు బాధ్యతలు తీసుకున్న రోజు నుంచి విదేశీ సైన్యాలు 90 రోజులు అతని చేతికింద ఉంటాయి. తర్వాత తనకు కావాలని అతను భద్రతామండలికి చెప్తే తప్ప అవి వెళ్ళిపోవాలి. రాజ్యానికి సొంత సైన్యం ఉండకూడదు, పోలీసులే ఉండాలి. అవతల చూస్తే టిటో సైన్యం కొండ ఎక్కి దిగేంత దూరంలో ఉంది. 1948 ఫిబ్రవరిలో ప్రాగ్‌లో కమ్యూనిస్టులు అధికారం పట్టేశాక, పోలీసులతో నడిచే ఒక నగరాన్ని అక్కడ వదిలి వెళ్ళడానికి వాషింగ్టన్‌లో ఎవరు ఒప్పుకుంటారు? అప్పటికి పాశ్చాత్య దేశాలకు గవర్నరు దొరక్కపోవడమే హాయిగా ఉంది.

1948 మార్చి 20న అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ‘మొత్తం ప్రాంతం ఇటలీకి తిరిగి ఇచ్చేద్దాం’ అని ప్రకటించాయి. ఇటలీ ఎన్నికలు ఏప్రిల్ 18న. కమ్యూనిస్టులు గెలుస్తారేమోనన్న టెన్షన్‌లో చేసిన ప్రకటన అది. మూడు నెలలు తిరిగేసరికి, జూన్ 28న, స్టాలిన్ కూటమి టిటోను బయటికి గెంటేసింది. అప్పటిదాకా శత్రువైన టిటో ఒక్కసారిగా పనికొచ్చేవాడయ్యాడు, ఇచ్చిన మాట గొంతులో వెలక్కాయైంది. 1949 ఫిబ్రవరిలో సోవియట్లు హెర్మన్ ఫ్లూకిగర్ అనే స్విస్ కర్నల్ పేరు ముందుకు తెస్తే భద్రతామండలిలో చాలినన్ని ఓట్లు పడలేదు. ఇక ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

కాబట్టి మీ నవలలో చరిత్ర మలుపు తిరగాల్సింది 1947 శరదృతువులో. ఒప్పందం అమల్లోకి వచ్చింది సెప్టెంబర్ 15న. ఆ అక్టోబర్, నవంబర్‌లలో ఏదో బేరం కుదిరి ఒక స్విస్ మనిషి ట్రియెస్టేకి వచ్చాడనుకోండి. 90 రోజుల గడువు దాదాపు ప్రాగ్ కుట్ర సమయానికే ముగుస్తుంది. బుద్ధి ఉన్న గవర్నరైతే సైన్యాలను ఉంచమనే అడుగుతాడు. అంటే రాజ్యం పుట్టిన మొదటి చలికాలమే పరాయి తుపాకుల నీడలో గడుస్తుంది. 1953 దాకా ఆగి కథ మొదలుపెడితే మాత్రం నమ్మడం కష్టం. అప్పటికి జోన్ బి లో దినారు చలామణీలో ఉంది, అక్కడి పాలన పూర్తిగా యుగోస్లావియా చేతిలో ఉంది. వెనక్కి తీసుకునే శక్తి ఏ గవర్నరుకీ లేదు.

గవర్నరు కుదురుకున్నాడనుకుందాం. రాజ్యాంగ శాసనం ప్రకారం ఎన్నికైన సభ ఉండాలి. ఇక్కడే నాకు అసలు చిక్కు కనిపిస్తుంది. నిజ చరిత్రలో 1949లో జోన్ ఏ లో మున్సిపల్ ఎన్నికలు జరిగితే ఇటలీలో కలవాలన్న పార్టీలకే మెజారిటీ వచ్చింది. స్వతంత్రంగా ఉందామన్నవాళ్ళు తక్కువే, 1952లో కాస్త పుంజుకున్నారు అంతే. కమ్యూనిస్టులు విటోరియో విదాలి నాయకత్వంలో టిటోను వదిలి మాస్కో వైపు వెళ్ళిపోయారు. అంటే మీ స్వేచ్ఛా రాజ్యంలో సభ కూర్చున్న రోజే ‘మాకీ రాజ్యం వద్దు’ అని తీర్మానం పెట్టేవాళ్ళు ఎక్కువమంది ఉంటారు. దీన్ని దాటవేయొద్దు, నవలకు మంచి సరుకు ఇదే. ‘సింగపూర్ కూడా అంతే కదా, 1965లో మలేషియా వెళ్ళిపొమ్మంటేనే కదా విడిపోయింది’ అని మీరు అనొచ్చు. నిజమే. కానీ సింగపూర్‌ను పక్కవాడు వద్దనుకున్నాడు. ట్రియెస్టే విషయంలో పక్కవాళ్ళిద్దరూ కావాలనే అన్నారు.

ఊరి భాష ఒకటి, చుట్టూ పల్లెల భాష ఒకటి అయినప్పుడు ఊరు ఎవరిది అన్న తగువు మనకు కొత్తేం కాదు. మదరాసు గురించి మన పెద్దలు వాదించిందీ ఇలాంటి వాదనే. తేదీలు కూడా విచిత్రంగా కలిశాయి. మదరాసు లేకుండానే 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సరిగ్గా వారానికి, అక్టోబర్ 8న, బ్రిటన్, అమెరికా తాము వెళ్ళిపోయి జోన్ ఏ ను ఇటలీకి అప్పగిస్తామని ప్రకటించాయి. టిటో సైన్యాన్ని కదిపాడు, ఇటలీ కూడా కదిపింది. నవంబర్‌లో ట్రియెస్టే వీధుల్లో జరిగిన అల్లర్లలో పోలీసు కాల్పులకు ఆరుగురు చనిపోయారు. చివరికి 1954 అక్టోబర్ 5న లండన్‌లో రాజీ కుదిరింది. జోన్ ఏ ఇటలీకి, జోన్ బి కొద్దిపాటి సవరణతో యుగోస్లావియాకి. ఇది చట్టపరంగా ఖరారైంది మాత్రం 1975లో, ఓసిమో ఒప్పందంతో.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన ప్రశ్న. ఆ రాజ్యం తిండి ఎక్కడ తినేది?

మ్యాపు దగ్గర పెట్టుకోండి. ట్రియెస్టే రేవులో లోతు సహజంగానే 18 మీటర్లు, చాలా రేవులు అసూయపడే లోతు. కానీ దిగిన సరుకు ఊరికి అక్కర్లేదు. అది వెళ్ళాల్సింది ఆస్ట్రియాకి, చెకోస్లోవేకియాకి, హంగరీకి, బవేరియాకి. స్వేచ్ఛా ప్రాంతానికి వీటిలో ఒక్కదానితోనూ సరిహద్దు లేదు. వియన్నా వైపు రెండే దారులు. ఒకటి ఉదీనె, తార్విజియో మీదుగా, అంటే ఇటలీ రైల్వే. రెండోది స్లోవేనియా మీదుగా, అంటే యుగోస్లావ్ రైల్వే. ట్రాన్సిట్ సరుకును ఆపకూడదని, వివక్షతో రేట్లు వేయకూడదని శాంతి ఒప్పందం ఎనిమిదో అనుబంధంలో చక్కగా రాశారు. రాస్తే ఏముంది? వ్యాగన్లు దొరకడం లేదని, లైను మరమ్మతులో ఉందని, కాగితం మీద ముద్ర సరిగా లేదని సరుకు ఆపడానికి సుంకం వేయక్కర్లేదు. యార్డులో ఓ పది రోజులు నిలబెడితే చాలు, తర్వాతి సారి ఆ సరుకు యజమాని జర్మనీలోని హాంబర్గ్ రేవుకి పోతాడు. ఈ విద్యలన్నీ నేను కళ్ళారా చూసినవే, దానికి యూరప్ దాకా వెళ్ళక్కర్లేదు. ఇది చాలదన్నట్టు కరెంటుకీ నీళ్ళకీ కూడా పక్క దేశాల మీద ఆధారపడాలి. దానికోసం ఒప్పందంలో వేరే అనుబంధమే ఉంది.

బాల్టిక్ తీరపు రేవు డాన్‌జిగ్ అనుభవం కూడా గుర్తుపెట్టుకోండి. 1920లో దాన్ని స్వేచ్ఛా నగరం చేశారు, పోలండ్‌కి రేవు వాడుకునే హక్కు ఇచ్చారు. పోలండ్ ఆ హక్కును నమ్ముకోలేదు. పక్కనే గ్డీనియా అనే పల్లెలో కొత్త రేవు కట్టుకుంది, పదిహేనేళ్ళలో అది డాన్‌జిగ్‌ను మించిపోయింది. ఎవరి అధీనంలోనూ లేని రేవు పక్కన తన సొంత రేవు కట్టుకోవడం ఏ ప్రభుత్వమైనా చేసే పనే. యుగోస్లావియాకి అప్పటికే రియెకా చేతిలో ఉంది, ఇటలీకి వెనిస్ ఉంది. ఇద్దరిలో ఎవరూ తమ రేవును ఎండబెట్టి ట్రియెస్టేను మేపరు.

పైగా కాలం కూడా కలిసి రాలేదు. చెక్, హంగరీ సరుకు ఇనుప తెర వెనక్కి పోయింది. ఆస్ట్రియా 1955 దాకా నాలుగు సైన్యాల కింద ఉంది. 1967 జూన్‌లో సూయజ్ మూసుకుపోయి ఎనిమిదేళ్ళకు గానీ తెరుచుకోలేదు. తూర్పు దేశాల వైపు చూసే రేవుకు అది గొంతు నొక్కేసినట్టే. ఇవన్నీ ఎవరు పాలించినా జరిగేవి. మంచి జరిగింది ఒకటుంది: 1967లో ట్రియెస్టే నుంచి ఆల్ప్స్ దాటి బవేరియాలోని ఇంగోల్‌స్టాట్ దాకా ముడిచమురు పైప్‌లైను. ఇవాళ ఆ రేవు టన్నేజీలో సింహభాగం చమురే. ఆ పైపు కూడా ఇటలీ భూమిలోంచే పోవాలి. మీ ఊహా రాజ్యంలో ఇటలీ దాన్ని ఒప్పుకునేందుకు ఏదో ఒక గట్టి ధర అడిగేది.

మరి డబ్బు? ఇక్కడ శాసనంలో నాకు బాగా నచ్చిన ఒక నిబంధన ఉంది, చరిత్ర రాసేవాళ్ళు ఎందుకో దాన్ని పెద్దగా పట్టించుకోరు. స్వేచ్ఛా ప్రాంతం సొంతంగా ఓడల రిజిస్టరు తెరవొచ్చు. అంతేకాదు, సముద్రం లేని చెకోస్లోవేకియా, స్విట్జర్లాండ్ అడిగితే వాళ్ళ ఓడల కోసం ప్రత్యేక రిజిస్టరు పెట్టాలి. ఆస్ట్రియా, హంగరీలకు కూడా తర్వాత అదే సదుపాయం. ఇప్పుడు కాలం చూడండి. సరిగ్గా 1948, 49లలోనే లైబీరియా తన జెండాను ప్రపంచ ఓడల యజమానులకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఓడ ఆ దేశపు రేవుకు రాకుండానే దేశానికి ఫీజు వచ్చే వ్యాపారం. ట్రియెస్టేలో అప్పటికే 1831 నాటి జెనెరాలి, 1838 నాటి ఆర్‌ఏఎస్ అనే రెండు పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీలు, 1830ల నుంచి నడుస్తున్న లాయిడ్ షిప్పింగ్ కంపెనీ, పెద్ద ఓడలు కట్టిన షిప్‌యార్డులు, మూడు నాలుగు భాషలు వచ్చిన గుమస్తాలు ఉన్నారు. లైబీరియా దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. గ్రీకు ఓడల యజమానులు లైబీరియా రాజధాని మన్రోవియా బదులు ట్రియెస్టే పేరు ఓడ వెనక రాయించుకునేవాళ్ళని నేను గట్టిగానే నమ్ముతాను. స్టాంపులు, జూదం, పన్నులు లేని ఖాతాలు, సిగరెట్ల స్మగ్లింగ్ వాటంతట అవే వస్తాయి. 1956 దాకా అంతర్జాతీయ పాలనలో ఉన్న టాంజియర్ అలాగే బతికింది. కాబట్టి మీ నవలలో క్రేన్ల కంటే నోటరీలు, లాయర్లు, బ్రోకర్లు ఎక్కువ కనిపించాలి.

లాయిడ్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. రౌండ్ టేబుల్ సమావేశం నుంచి 1931 డిసెంబర్‌లో గాంధీగారు బొంబాయికి తిరిగొచ్చింది లాయిడ్ ట్రియెస్టినో వారి ‘పిల్స్‌నా’ ఓడలోనే. ఆ కంపెనీని 1998లో తైవాన్ ఎవర్‌గ్రీన్ కొనేసింది, 2006లో పేరు కూడా పోయింది. సొంత జెండా ఉన్న రాజ్యంలో అయితే ఆ పేరు పోనిచ్చేవాళ్ళు కాదేమో.

అయితే ఈ ఊహలో అతిపెద్ద మార్పు ట్రియెస్టేకి జరగదు, దాని పక్క ఊరికి జరుగుతుంది. కోపర్. స్వేచ్ఛా ప్రాంతం నిలబడితే కోపర్, ఇజోలా, పిరాన్ దాని లోపలే ఉంటాయి. నిజ చరిత్రలో 1954లో అవి యుగోస్లావియాకి పోయాయి. ట్రియెస్టే దక్కని స్లోవేనియా (అప్పట్లో యుగోస్లావియాలో ఒక భాగం) 1957లో కోపర్‌లో కొత్త రేవు మొదలుపెట్టింది, 1967లో రైలు లైను వేసింది. రోడ్డు మీద అరగంట దూరంలో ఉన్న ఆ రేవు ఇవాళ కంటైనర్లలో ట్రియెస్టేను దాటిపోయింది. మీ నవలలో ఆ రేవు లేదు. ఇవాళ స్లోవేనియాకి ఉన్న 46 కిలోమీటర్ల తీరం మొత్తం ఒకప్పటి స్వేచ్ఛా ప్రాంతంలోదే, కాబట్టి ఆ దేశానికి సముద్రమే లేదు. పిరాన్ అఖాతం మీద క్రొయేషియాతో సరిహద్దు తగువూ లేదు. ఉమాగ్, నోవిగ్రాడ్ కూడా క్రొయేషియాకి దక్కవు.

మనుషుల లెక్క కూడా మారుతుంది. పూలా నగరం స్వేచ్ఛా ప్రాంతంలో లేదు కాబట్టి 1947 చలికాలంలో అక్కడి ఇటాలియన్లు ‘తొస్కానా’ ఓడెక్కి వెళ్ళిపోవడం ఎలాగూ జరుగుతుంది. కానీ 1954 తర్వాత కోపర్, పిరాన్ ప్రాంతం ఖాళీ అయిన తీరు వేరుగా ఉండేది, చాలామంది ఇళ్ళు వదిలేవాళ్ళు కాదు. ట్రియెస్టే పాత రేవులో 18వ నంబరు గోడౌను అని ఒకటుంది. ట్రియెస్టేకి దక్షిణాన ఉన్న ఇస్ట్రియా ద్వీపకల్పం వదిలి వచ్చినవాళ్ళు, శిబిరాల్లో చోటు లేక, తమ సామాన్లు అక్కడ దింపి పోయారు. చాలామంది మళ్ళీ రాలేదు. కప్పు దాకా పేర్చిన కుర్చీలు, బీరువాలు, కుట్టుమిషన్లు, వంటగిన్నెలు, ఫోటోలు. చెక్క మీద యజమాని పేరుతో చీటీలు. అదే ఊళ్ళోంచి 1954 తర్వాత వేలమంది పనుల్లేక ఆస్ట్రేలియా ఓడెక్కారు. ఈ రెండో వలస మీ స్వేచ్ఛా రాజ్యంలోనూ తప్పదనే అనుకుంటాను. పదివేల విదేశీ సైనికుల ఖర్చు మీద నడిచే ఊరు, వాళ్ళు వెళ్ళిన రోజున బోసిపోతుంది.

ఇంకో నష్టం మన దేశం నుంచి చూస్తే కనబడుతుంది. మన యూనివర్సిటీల్లో ఫిజిక్స్ వాళ్ళకు ట్రియెస్టే అంటే ఐసీటీపీ, 1964లో పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ పెట్టిన ఫిజిక్స్ పరిశోధన సంస్థ. సరిహద్దు మూలన పడిపోయిన నగరానికి ఏదో ఒక పెద్దరికం తేవాలని ఇటలీ డబ్బూ చోటూ ఇచ్చింది కాబట్టి అది అక్కడికి వచ్చింది. ఓడల ఫీజులతో కాలక్షేపం చేసే చిన్న రాజ్యం అంత ఖర్చు పెట్టేదని అనుకోను.

రాజ్యం ఎంతకాలం ఉండేదంటారా? 1954 గండం దాటితే 1960లు సులువు. టిటోకి ఇటలీతో వ్యాపారం కావాలి, ఇటలీకి గొడవ అక్కర్లేదు, ఇద్దరూ దొంగచాటుగా అక్కడ బ్యాంకు ఖాతాలు పెట్టుకుంటారు. అసలు పరీక్ష 1991 జూన్‌లో, స్లోవేనియా స్వతంత్రం ప్రకటించిన రోజున. సముద్రం లేని కొత్త దేశం, ఆనుకుని ఎవరిదీ కాని రేవు, అందులో ఒకప్పుడు భాష పోగొట్టుకున్న స్లోవీన్ జనాభా. రోమ్ ఏం చేస్తుంది, లుబ్లియానా ఏం అడుగుతుంది అన్నదే మీ రెండో భాగం కావాలి. నా ఉద్దేశంలో స్లోవేనియా నగరాన్ని అడగదు, రైలు లైనును ఇచ్చి రేవులో వందేళ్ళ లీజు అడుగుతుంది. సభలో ఇటలీ పక్షం దాన్ని వ్యతిరేకిస్తుంది, ఓడల బ్రోకర్లు మాత్రం చేతులెత్తి ఓటేస్తారు.

మొదటి అధ్యాయానికి 1947 నవంబర్ పెట్టుకోండి. గవర్నరు వచ్చే రైలు ఇటలీ వైపు నుంచి రావాలా, యుగోస్లావియా వైపు నుంచి రావాలా అన్న తగువుతో మొదలుపెట్టినా చాలు. రెండు రైల్వేల పరిస్థితీ పాఠకుడికి అక్కడే అర్థమైపోతుంది.